రోహిణి రాకముందే జీపు కిందికి దూరి చూడండి

ఉగాది దాటగానే పాత మహీంద్రా జీపో, థారో, జిప్సీయో ఉన్నవాళ్లు ముందు చేయించేది ఏసీ గ్యాస్ పని. నన్నడిగితే దాన్ని ఒక వారం వెనక్కి నెట్టి, మొదట బండి కిందికి దూరమంటాను. కాళ్ల దగ్గర ఫ్లోరు కాలుతోంది, గేర్ రాడ్డు దగ్గర సెగ కొడుతోంది, వెనక కూర్చున్నవాళ్లు చెప్పులు విప్పలేకపోతున్నారు అని చెప్పే బళ్లలో చాలావాటికి ఆ వేడి ఎండది కాదు, సైలెన్సర్ లైనుది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి ఈ బాధ తక్కువ. ఇంజిన్ మార్చినవి, హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే విడి పైపుల సెట్టు) వేయించినవి, లావు పైపు పెట్టించినవి, కింద రాళ్ల దెబ్బ ఆపే స్కిడ్ ప్లేటు బిగించినవి, తుప్పు పట్టిందని ఫ్లోరు రేకు కొత్తగా కొట్టించినవి ఎక్కువ బాధపడతాయి. కంపెనీ వాడు పైపుకీ రేకుకీ మధ్య ఎంత ఖాళీ వదలాలో, ఎక్కడ వేడిని ఆపే షీల్డు పెట్టాలో కొలిచి పెడతాడు. షెడ్డులో పని జరిగేటప్పుడు పైపు ఎక్కడ పడితే అక్కడ వంచి, ఎక్కడ వీలైతే అక్కడ వెల్డింగ్ పెడతారు. చలికాలంలో అది తెలియదు. రామగుండంలోనో, రెంటచింతలలోనో 45 డిగ్రీలు దాటినప్పుడు తెలుస్తుంది.

ఇంజిన్‌లో కాలిన ఇంధనం ఇచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు పొగతోపాటు గొట్టంలోకే పోతుంది. లోడ్ మీద ఉన్న డీజిల్ ఇంజిన్‌లో మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకే గొట్టంలోకి చేర్చే భాగం) దగ్గర పొగ వేడి 600, 700 డిగ్రీలకు వెళ్తుంది. పెట్రోల్‌లో ఇంకా ఎక్కువ, 800 పైనే. రోడ్డు మీద 80 స్పీడులో పోతుంటే కింది నుంచి వచ్చే గాలి పైపును చల్లబరుస్తూనే ఉంటుంది. అదే బండిని ఫోర్ బై ఫోర్ నెమ్మది గేర్లలో, అంటే లో రేంజ్‌లో, మొదటి గేరులో, మారేడుమిల్లి ఘాట్ పక్క మట్టి దారుల్లో అరగంట ఎక్కించండి. ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది, బండి మనిషి నడకకంటే నెమ్మదిగా కదులుతుంది, కింద గాలి ఉండదు. హైవే మీద ఏ ఇబ్బందీ లేని బండి కొండెక్కేటప్పుడు కొలిమి అయ్యేది అందుకే. కాబట్టి పరీక్ష కూడా అలాగే చేయాలి. ఊళ్లో ఒక చుట్టు తిప్పి బాగానే ఉందనుకుంటే లాభం లేదు.

ముందు పొగ సంగతి

ఫ్లోరు కింద మ్యాటింగ్ వేయించే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. లోపలికి వస్తున్నది ఉత్త వేడేనా, వేడితోపాటు పొగ కూడానా? నా లెక్కలో ఈ వ్యవహారం మొత్తంలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదొక్కటే. మిగతాదంతా సుఖం, అసుఖం గొడవ.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది పట్టినవాడికి తలనొప్పి వస్తుంది, కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది, మత్తుగా ఉంటుంది. వడదెబ్బ మొదట్లోనూ ఇవే లక్షణాలు. మే నెలలో జీపులో నలుగురికి తలనొప్పి వస్తే ఎవరైనా ఎండ అనే అనుకుంటారు, మజ్జిగ తాగించి మళ్లీ అదే బండిలో కూర్చోబెడతారు. గుర్తు పెట్టుకోవడానికి ఒక ఆధారం ఉంది. బండిలో ఉన్న అందరికీ ఒకేసారి తల బరువెక్కి, దిగి చెట్టు కింద గాలికి నిలబడితే కాసేపట్లో తేలికపడుతోందంటే, ఎండను తిట్టడం ఆపి సైలెన్సర్‌ను అనుమానించాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే అది వడదెబ్బ కావచ్చు. ఏది అయినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లి, "బండిలోకి పొగ వస్తుందేమోనని అనుమానం" అని డాక్టరుకు మీరే చెప్పండి. చెప్పకపోతే ఆయనకు ఆ ఆలోచన రాకపోవచ్చు. పెట్రోల్ బళ్లలో ఈ వాయువు ఎక్కువ. డీజిల్‌లో తక్కువే గానీ లేకపోలేదు.

లీకు పట్టుకోవడానికి తెల్లవారుజాము మంచిది, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. బండిని ఆరుబయట పెట్టండి. ఒకరు స్టార్ట్ చేస్తే, ఇంకొకరు మందపాటి చేతిగ్లౌజు తొడుక్కుని, తడిపి మడిచిన గోనెపట్టాతో వెనక గొట్టం మూతిని కొన్ని సెకన్లు అదిమి పట్టాలి. మూడో మనిషి మానిఫోల్డ్ నుంచి వెనక దాకా చెవి పెట్టి వింటే, లీకు ఉన్నచోట 'ఫట్ ఫట్' అనో 'సుయ్'మనో వినిపిస్తుంది. చల్లటి జాయింట్ల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. చాలాసార్లు ఇంత కష్టం కూడా అక్కర్లేదు. ఫ్లాంజి (రెండు పైపులు బోల్టులతో కలిసే అంచు) దగ్గర, మానిఫోల్డ్ ప్యాకింగ్ చుట్టూ నల్లటి మసి చారలు ఉంటే లీకు తన అడ్రస్ తానే రాసిపెట్టినట్టు. ప్యాకింగ్ మార్చండి, స్టడ్ విరిగి ఉంటే లేత్ షాపులో తీయించి కొత్తది వేయించండి. సైలెన్సర్ పుట్టీ రాసి పంపించే షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి.

తర్వాత రేకులోని కన్నాలు. ఇంజిన్ మార్చిన జీపుల్లో పాత క్లచ్ కేబుల్ పోయిన రంధ్రం, పాత యాక్సిలరేటర్ రాడ్డు రంధ్రం, ఎప్పుడో వైరింగ్‌కు కొట్టిన డ్రిల్లు కన్నం అలా తెరిచే ఉంటాయి. స్టీరింగ్ రాడ్డు చుట్టూ రబ్బరు బూటు ఎండి చీలి ఉంటుంది. అన్నిటికంటే పెద్ద ద్వారం గేర్ రాడ్డు, ఫోర్ బై ఫోర్ రాడ్డు పైకి వచ్చే చోటు. పైన రెక్సిన్ బూటు కొత్తగా మెరుస్తూ కనిపిస్తుంది గానీ, దాని కింద ఉండాల్సిన రబ్బరు బూటు ఎప్పుడో పోయి ఉంటుంది. రాత్రి చీకట్లో బండి కింద లైటు పెట్టి లోపల కూర్చుని చూడండి. వెలుతురు ఎక్కడెక్కడ కనబడితే అక్కడక్కడ వేడి గాలీ, పొగా వస్తున్నాయని లెక్క. గ్రామెట్లు (కన్నం అంచుకు బిగించే రబ్బరు రింగులు) వేయండి. పెద్ద కన్నానికి రేకు ముక్క వేసి, వేడికి తట్టుకునే సీలెంటు పెట్టి రివెట్ కొట్టించండి. ఫోమ్ స్ప్రే మాత్రం వద్దు, అది నిప్పు అంటుకుంటుంది.

వెనక గొట్టం ఎక్కడ ముగుస్తుందో కూడా చూడండి. వెనక చక్రానికి ముందే పక్కకు తిప్పి కోసేసిన సైలెన్సర్లు మోడిఫైడ్ బళ్లలో చాలా కనిపిస్తాయి. రాళ్లకు తగలదన్నది వాళ్ల వాదన, అది నిజమే. కానీ కాన్వాస్ టాప్ జీపులో పక్క పరదాలు దించి, గాలి కోసం వెనక పరదా ఒక్కటీ పైకి చుట్టేస్తే, బండి ముందుకు పోతున్నప్పుడు వెనక గాలి పలచబడి తన పొగను తానే లోపలికి పీల్చుకుంటుంది. గొట్టం మూతి బాడీ అంచు దాటి బయటికి రావాలి. వెనక పరదా తెరిస్తే ముందు వైపు కూడా గాలి లోపలికి వచ్చే దారి ఉంచాలి.

ఇవన్నీ అయ్యాక, ఇళ్లలో పెట్టుకునే చిన్న బ్యాటరీ సీఓ (కార్బన్ మోనాక్సైడ్) డిటెక్టర్ ఒకటి డ్యాష్‌బోర్డు దగ్గర ఉంచుకోండి. ఎల్ఈడీ బారు లైటుకు పెట్టే ఖర్చులో అదొక మూల కూడా కాదు.

వేడి ఎక్కడి నుంచి

సైలెన్సర్‌ను తిట్టే ముందు ఇంకో ఇద్దరు ముద్దాయిలను విచారించాలి. మొదటిది హీటర్. కొన్ని బళ్లలో హీటర్‌కు వేడి నీళ్లు వెళ్లే వాల్వ్ సరిగా మూసుకోదు. కొన్నింటిలో వాల్వే ఉండదు, గాలిని మళ్లించే ఫ్లాపు ఒకటే ఉంటుంది, అది సగంలో ఇరుక్కుంటుంది. ఏసీ వెంట్ నుంచి గోరువెచ్చటి గాలి వస్తున్నా, డ్యాష్‌బోర్డు కింద ఒక పక్కే వేడిగా ఉన్నా అటు చూడండి. రెండోది గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె). ఆయిల్ తగ్గితే అవి కూడా ఫ్లోరును కాలుస్తాయి. హ్యాండ్ బ్రేకు కొంచెం పట్టి ఉన్నా అంతే.

ఇంజిన్ ఆరోగ్యం కూడా గొట్టం వేడిని పెంచుతుంది. డీజిల్‌లో ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే, పంపు టైమింగ్ వెనక్కి పోతే, ఇంజెక్టర్లు కారుతుంటే పొగ వేడి పెరుగుతుంది. పెట్రోల్‌లో ఒక సిలిండర్ మిస్ కొడుతుంటే కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, కన్వర్టర్ ఎర్రగా కణకణలాడుతుంది. ఇలాంటి బండికి ఎన్ని షీల్డులు కట్టినా డబ్బు దండగ. "ట్యూనింగ్" పేరుతో డీజిల్ ఎక్కువ పోయించి నల్లపొగ కొట్టించేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పవర్ కోసం పోసిన ఆ అదనపు డీజిల్‌లో చాలా భాగం మీ కాళ్ల కింద వేడిగా మిగులుతుంది.

ఇప్పుడు కొలవండి. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. దాంతో ఒక మెలిక ఉంది. మెరిసే అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు మీద అది అసలుకంటే బాగా తక్కువ చూపిస్తుంది. పైపు మీద, షీల్డు మీద రూపాయి బిళ్ళంత మేర వేడికి ఆగే నల్ల పెయింటు రాసి, ఆ మచ్చ మీదే గురిపెట్టండి. కొండెక్కి దిగగానే ఫ్లోరు రేకును లోపలి నుంచి జానెడు జానెడు దూరంలో కొలిచి, సుద్దముక్కతో అక్కడే అంకె రాయండి. ఎక్కువ వేడి ఉన్న ముక్క సాధారణంగా చిన్నదే ఉంటుంది, పైపు వంపు తిరిగి రేకుకు దగ్గరగా వచ్చినచోట. రేకు 60 డిగ్రీలు దాటితే అరచెయ్యి ఆనించి ఉంచలేరు. అక్కడ పిల్లల కాళ్లు పెట్టనివ్వకండి.

గొట్టం దగ్గరే ఆపాలి

లోపల మ్యాట్ మీద మ్యాట్ వేయడం చాలామంది మొదట చేసే పని. నేను దాన్ని చివర చేయమంటాను. పైపు నుంచి రేకుకు వేడి ఎక్కువగా వచ్చేది వహనంతో కాదు, వికిరణంతో, అంటే పొయ్యి ముందు కూర్చుంటే ముఖానికి తగిలే సెగ లాంటిది. ఆ సెగ పరమ ఉష్ణోగ్రతకు (సెల్సియస్ అంకెకు 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతంలో మారుతుంది. గొట్టం పైభాగాన్ని 400 డిగ్రీల నుంచి 300కు తీసుకురాగలిగితే అది వెదజల్లే సెగ దాదాపు సగానికి పడిపోతుంది. రేకు లోపల ఎన్ని పొరలు పరిచినా ఇంత లాభం రాదు.

అన్నిటికంటే చవకైన మందు దూరం. పైపుకీ రేకుకీ మధ్య మూడు వేళ్లు పట్టకపోతే హ్యాంగర్లు మార్చి కిందికి దించడమో, వంపు మళ్లీ చేయించడమో చూడండి. ఇక్కడ ఒక అపోహ ఉంది. సస్పెన్షన్ లిఫ్ట్ చేయించాం కదా, ఖాళీ పెరిగింది అనుకుంటారు. పెరగదు. పైపు చాసిస్‌కే వేలాడుతుంది, బాడీ చాసిస్ మీదే కూర్చుంటుంది. లిఫ్ట్‌తో పెరిగేది చాసిస్‌కీ ఇరుసుకీ మధ్య దూరం. పైపుకీ ఫ్లోరుకీ ఖాళీ పెంచేది బాడీ లిఫ్ట్, దానికి వేరే తలనొప్పులున్నాయి కాబట్టి వేడి కోసం మాత్రమే దాని జోలికి పోకండి.

తర్వాత షీల్డు. కంపెనీ షీల్డు ఉంటే అదే బంగారం. బోల్టు దగ్గర తుప్పు పట్టి గలగలమంటోందని పీకి పారేసే మెకానిక్‌లు ఊరూరా ఉన్నారు. పారేయనివ్వకండి. చిరిగిన రంధ్రం దగ్గర పెద్ద స్టెయిన్‌లెస్ వాషర్ వేసి బిగిస్తే శబ్దం పోతుంది. షీల్డు లేని బండికి ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకుతో చేయించవచ్చు. పనితనం అంతా ఖాళీలో ఉంది. షీల్డు పైపుకూ తాకకూడదు, ఫ్లోరుకూ తాకకూడదు. ఫ్లోరుకూ షీల్డుకూ మధ్య పది, ఇరవై మిల్లీమీటర్లు ఉండేట్టు స్టీలు స్పేసర్ల మీద నిలబెట్టాలి, రెండు చివర్లా గాలి ఆడేలా తెరిచి ఉంచాలి. ఫ్లోరుకు అతికించిన రేకు షీల్డు కాదు, ఇంకో ఫ్లోరు. పైపుకు ఎదురుగా ఉండే ముఖం మెరిసేలా ఉంచండి. అండర్‌బాడీ కోటింగ్ కొట్టేవాడు అలవాటుగా దానికి కూడా నల్లరంగు కొడతాడు, పక్కన నిలబడి ఆపండి. పాత షెడ్డుల్లో ఇంకా ఆస్‌బెస్టాస్ షీటు, ఆస్‌బెస్టాస్ తాడు ఇస్తామంటారు. వేడికి బాగానే ఆగుతాయి, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. వద్దనండి.

పైపుకు చుట్టే పట్టీ, అదే ఎగ్జాస్ట్ ర్యాప్, మీద నాకు అంత ప్రేమ లేదు. పనిచేస్తుంది, కాదనను. కానీ మామూలు ఇనుప పైపుకు చుడితే వాగు దాటినప్పుడల్లా నీళ్లు పీల్చుకుని లోపల తుప్పు తినిపిస్తుంది. ఇంజిన్ ఆయిలో డీజిలో కారి తడిస్తే అంటుకుంటుంది. బీట వచ్చినా పైకి కనిపించదు. స్టెయిన్‌లెస్ పైపు అయితే, ఫ్లోరుకు దగ్గరగా ఉన్న ముక్క వరకే చుట్టించండి, స్టీలు టైలతో. పోత ఇనుప మానిఫోల్డ్‌కు, ఫ్లెక్స్ పైపుకు, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు, డీపీఎఫ్‌కు (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) చుట్టవద్దు. చుట్టేటప్పుడు గ్లౌజులు, మాస్కు ఉండాలి, ఆ పట్టీ పోగులు చర్మంలో గుచ్చుకుంటే రెండు రోజులు దురద వదలదు. మొదటిసారి వేడెక్కినప్పుడు పొగ వస్తుంది, కంగారు పడకండి, కానీ ఆరుబయటే వేడెక్కించండి. డబ్బు పెట్టగలిగితే సిరామిక్ కోటింగ్ దీనికంటే మేలు, నీళ్లు పీల్చదు.

అదే దారిలో బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైర్లు పోతున్నాయేమో చూడండి. క్లచ్ స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్ను కదిపే భాగం) ఇంజిన్ నుంచి దిగే డౌన్‌పైపు పక్కనే ఉన్న బళ్లలో కొండ మీద క్లచ్ పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతుంది, ఆయిల్ మరిగి. కాసేపు ఆగితే మళ్లీ వస్తుంది, అందుకే మెకానిక్‌కు చూపించేసరికి ఏమీ ఉండదు. అక్కడ చిన్న షీల్డు, పైపులకు వేడి ఆపే స్లీవు వేయించండి. డీజిల్ ట్యాంకు సీటు కిందే ఉండే పాత జీపుల్లో సైలెన్సర్ ఆ వైపు నుంచి మళ్లించకండి.

లోపలి పని ఇక చిన్నదే. బిట్యుమెన్ షీటు వేడికి మెత్తబడి తారు వాసన కొడుతుంది. బ్యూటైల్ షీటు తీసుకుని, దాని మీద నీళ్లు పీల్చని ఫోమ్ వేయించండి. రెండూ నిప్పు అంటుకోని రకమేనా అని అడిగి, ఒక ముక్కను బయట లైటరుతో పరీక్షించండి. కింద నీళ్లు నిలిస్తే వచ్చే ఎండాకాలానికి రేకే ఉండదు, కాబట్టి డ్రెయిన్ రంధ్రాల బిరడాలు తీయడానికి వీలుండాలి.

చట్టం గురించి ఒక మాట. వేడిగా ఉందని క్యాటలిటిక్ కన్వర్టర్ కోసి నేరుగా పైపు వేసే సలహా చాలామంది ఇస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీ వివరాలకు భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు, కాలుష్య పరీక్ష సంగతి సరేసరి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది. కన్వర్టర్ మూసుకుపోతే కొత్తది వేయించండి. మూసుకుపోయినప్పుడు కూడా అది మామూలుకంటే వేడెక్కుతుంది.

ఎండు గడ్డి

మారేడుమిల్లి మీది గుడిస కొండ గడ్డి మైదానం ఎండాకాలంలో పచ్చగా ఉండదు. నల్లమల అంచు దారుల్లో మార్చి నుంచే గడ్డి మోకాలెత్తు ఎండి ఉంటుంది. అలాంటిచోట నడిచిన బండి కింద గడ్డి తెగి, స్కిడ్ ప్లేటు మీద పోగుపడి, సైలెన్సర్‌కు ఆనుకుంటుంది. స్కిడ్ ప్లేటు రాయి నుంచి కాపాడుతుంది గానీ గాలిని ఆపుతుంది, గడ్డిని దాస్తుంది. గంటకోసారి దిగి, లైటు వేసి, ఇనుప కొక్కెంతో ఆ గడ్డిని లాగేయండి. చేత్తో వద్దు. ప్లేటుకు రంధ్రాలు లేకపోతే సీజను ముందే కొట్టించండి.

2020 తర్వాతి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బళ్లలో డీపీఎఫ్ తనలోని మసిని తానే కాల్చుకుంటుంది. అప్పుడు దాని లోపల వేడి 600 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగి ఉండగా ఎండు గడ్డి మీద బండి ఆపకూడదు. అడవి దారి పట్టకముందే హైవే మీద ఆ పని పూర్తి కానివ్వండి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు, ఎండాకాలంలో మంటల భయంతో అటవీ సిబ్బంది మరీ కఠినంగా ఉంటారు.

ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి డ్రైవర్ చేతికి అందేచోట బిగించండి, సామాన్ల కింద కాదు. బానెట్ కింద మంట అనిపిస్తే బానెట్ బార్లా తీయకండి, గాలి తగిలి మంట ఎగుస్తుంది. ఇంజిన్ ఆపి, అందరినీ దింపి, సందులోంచి పౌడర్ కొట్టండి.

దారిలో

గుంపుగా పోతున్నప్పుడు ముందు జీపు పొగ మీ బానెట్ మీదికి వస్తుంటే ఏసీని లోపలి గాలికి పెట్టుకోండి, ఆ తర్వాత మళ్లీ బయటి గాలికి మార్చండి. బయటి గాలిని లోపలికి తోసే బ్లోయరు క్యాబిన్‌లో ఒత్తిడి కాస్త పెంచి, కన్నాల్లోంచి వచ్చేదాన్ని బయటికి నెడుతుంది. గొట్టం మూతి బురదలోనో ఇసుకలోనో కూరుకుపోతే ఇంజిన్ ఆపేయండి. భోజనానికి ఆగినప్పుడు ఏసీ కోసం ఇంజిన్ నడుపుతూ లోపల పడుకోవద్దు. వాగు కనబడగానే దూకించకుండా, గట్టున రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఉంచి దిగండి. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే బీట వారుతుంది, టర్బోకూ ఆ విరామం మంచిదే.

కొత్తగా బిగించిన షీల్డు బోల్టులు, ఫ్లాంజి నట్లు మొదటి వేడికి వదులవుతాయి. మొదటి కొండ దిగాక చల్లారనిచ్చి మళ్లీ బిగించండి. తొలకరి పడ్డాక ర్యాప్ ఉన్నచోట ఒక అంచు విప్పి తుప్పు చూడండి, రంధ్రం పడే సూచన ఉంటే మొత్తం విప్పించి పైపు మార్చండి.